బండిలో ఎంత బరువు

ఆనకట్ట క్వార్టర్స్,
జూన్ 6

అక్కయ్యకు నమస్కారాలు.

మేమిద్దరం క్షేమం. నీ మోకాళ్ళూ, నీ కుట్టు మిషనూ క్షేమమని తలుస్తాను.

నీతో ఒక పని పడింది. గేట్లు చూసుకోవడానికి ఆఫీసువాళ్ళిచ్చిన జీపు నీకు తెలుసుగా, నాలుగు చక్రాలనూ ఇంజనే లాగే బండి. పోయిన వానలకు వాగు నీళ్ళు సీటుదాకా వచ్చాయని ఇరుసుల మీది కమాను పట్టీల కట్టలు మార్పించి దాన్ని నాలుగంగుళాలు పైకి లేపించాను. ఇప్పుడు వాగు దాటుతోంది. బండరాళ్ళు అడుగున తగలడం లేదు. చూడ్డానికి మాత్రం ఒంటెపిల్లలా ఉంది.

చిక్కేమిటంటే షాకబ్జర్లు పాతవే. లేపిన ఎత్తుకి అవి పొట్టివైపోయాయి. చక్రం గోతిలో దిగేసరికి చివరిదాకా సాగి 'ఠక్'మని పట్టేస్తున్నాయి. ఆ దెబ్బ తిన్నగా వెన్నుపూసలోకి వస్తోంది.

కొండ కింద ఊళ్ళో దొరికేవన్నీ మామూలు బండ్లవి. నాన్న దగ్గర పని నేర్చుకున్న కమాన్ల మేస్త్రి షెడ్డు మీ వీధి చివరే కదా. పైకి లేపిన జీపుకి సరిపడేవి నాలుగు ఎంచమని ఆయనకి చెప్పి, సరుకుల లారీలో పంపించు. మెత్తగా ఉండేవి. కాస్త తొందరగా.

తమ్ముడు


కుట్టు గది,
జూన్ 11

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

మేస్త్రికి నీ ఉత్తరం చదివి వినిపించాను. నవ్వాడు. "కాలు చూపించకుండా చెప్పులిమ్మంటే ఎలాగమ్మా? మీ నాన్నగారుంటే వాడి చెవి మెలేసేవారు" అన్నాడు.

మూడు కొలతలు కావాలట. పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఒకటి. జాకీ ఎత్తి చక్రం గాలిలో వేలాడేటప్పుడు ఒకటి. చక్రం పూర్తిగా పైకి నొక్కుకుని రబ్బరు దిమ్మెకు ఆనినప్పుడు ఒకటి.

తర్వాత బరువు. బండిలో ఏం వేస్తావు, ఎంత వేస్తావు, ఎక్కడ వేస్తావు. "బరువు మోసేది కమాను. అది ఊగిపోకుండా పట్టుకునేది షాకబ్జరు. ఎంత బరువని చెప్పకపోతే గుడ్డిగా పట్టుకుంటుంది" అన్నాడు.

గేట్లు తిప్పేవాడికి మెత్తటివి దేనికని కూడా అడిగాడు. తెలియదన్నాను.

మరదల్ని ఒక ముక్క రాయమను. ఆమె చేతిరాత చూసి మూడు నెలలైంది.

దేవుడి దయ.
అక్క


ఆనకట్ట క్వార్టర్స్,
జూన్ 17

అక్కయ్యకు నమస్కారాలు.

మేమిద్దరం క్షేమం.

కొలతలు రాసుకో. నిలబడినప్పుడు పంతొమ్మిది అంగుళాలు. వేలాడినప్పుడు ఇరవై నాలుగున్నర. నొక్కుకున్నప్పుడు పధ్నాలుగున్నర. జాకీ కింద పడుకుని నేనే కొలిచాను, మేస్త్రి చెవి మెలేసే పని లేదు.

బరువంటావా, సిమెంటు బస్తాలు, గేటు సామాను. మూడొందల కిలోలు వేసుకో. అంతా వెనకే. మెత్తటివన్నది నా బద్ధకం. నాకూ నడుం నొప్పుల వయసొచ్చిందని చెప్పు.

మీ మరదలికి ఊపిరాడని పని. ఉత్తరం రాయమంటే రేపంటుంది. నీ మీద బెంగగా ఉందని మాత్రం రాయమంది.

తమ్ముడు


కుట్టు గది,
జూన్ 24

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

షాకబ్జర్లు పంపాను. బుధవారం లారీ.

మేస్త్రి రెండు రోజులు వెతికి ఎంచాడు. పొడుగు సరిపోతుందట. మెత్తటివి వద్దన్నాడు. "పైకి లేపిన బండి కర్రకాళ్ళ మీద నడిచేవాడి లాంటిది. దాని మీద మూడొందల కిలోలు. మెత్తటివి వేస్తే వాగు మధ్యలో తూలుతుంది. గట్టివే వెయ్యాలి. ఈ విషయంలో మీ తమ్ముడి మాట వినను" అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. నువ్వు వాగులో పడడం కంటే నీ నడుం నొప్పే నయం.

గోనెగుడ్డలో పెట్టి కుట్టాను. నా కుట్టు నీకు తెలుసు, విప్పాలని చూడకు, కత్తిరించు. ప్రార్థన చేసే పంపాను.

ఒక మాట. నువ్వు వారానికోసారి కొండ దిగుతున్నావని లారీ డ్రైవరు అన్నాడు. కింద ఊళ్ళో ఫోను పలుకుతుంది కదా. ఒక్కసారీ ఎందుకు చెయ్యలేదు?

అక్క


ఆనకట్ట క్వార్టర్స్,
జూలై 5

అక్కయ్యా,

షాకబ్జర్లు అందాయి, బిగించాను. పొడుగు అచ్చంగా కుదిరింది. మేస్త్రి తప్పు ఏమీ లేదు. ముందే రాస్తున్నాను.

బండిలో సిమెంటు లేదు. ఎప్పుడూ లేదు. వెనక సీట్లు తీసేసి చెక్క వేశాను, చెక్క మీద పరుపు. పరుపు మీద మీ మరదలు. నలభై ఏడు కిలోలు.

ఫిబ్రవరిలో నడుం నొప్పంది. బిందె ఎత్తినందుకేమో అనుకున్నాం. మార్చిలో కాళ్ళు బరువెక్కాయి. ఏప్రిల్లో డాక్టరు ఫోటో తీసి, వెన్నులో గడ్డ అన్నాడు. కోయడానికి వీల్లేని చోటట. కింద ఊరి ఆస్పత్రిలో ఉంచుకోవడానికి మంచం లేదు, వారానికో సూది, మీరే తీసుకురండి అన్నారు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, మూడు గంటలు. బండి లేపించింది అందుకే. వాగు దాటకపోతే సూది లేదు.

పాతవాటితో గోతికొకసారి దెబ్బ. కొత్తవాటితో ప్రతి గులకరాయికీ. మొదటి మలుపు తిరగకముందే నా చొక్కా పట్టుకుని, "ఆపండి, నేను దిగి నడిచొస్తాను" అంది. మార్చి నుంచి నడవని మనిషి. ఆపాను. దిగి వెళ్ళి పరుపు సర్దాను. తర్వాత ఆమే "పోనివ్వండి" అంది. సూది టైము పదకొండు గంటలకి మరి.

మూడొందల కిలోలని రాసింది నేను. ఆ గట్టివాటిని ఎంచింది నేనే అన్నట్టే.

నాన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. 'కష్టం గట్టెక్కాక ఉత్తరం రాయి. మునుగుతూ రాస్తే చదివేవాడు ఒడ్డున నిలబడి ఏం చేస్తాడు?' ఆ మాట నాచేత పలక మీద దిద్దించింది నువ్వు. గట్టెక్కాక రాద్దామని చూశాను అక్కయ్యా. ఫోన్ చేస్తే నా గొంతు పట్టిచ్చేస్తుంది.

నువ్వు మాత్రం రాకు. ఎవర్నీ చూడనంటోంది. గోడకున్న అద్దం కూడా తీయించేసింది.

ఏం చెయ్యాలో తెలియడం లేదు.

తమ్ముడు


కుట్టు గది,
జూలై 9

తమ్ముడూ,

చదివాను. ఉత్తరం చేత పట్టుకునే లేచి షెడ్డుకి వెళ్ళాను.

మేస్త్రి కళ్ళజోడు తీసి నూనెగుడ్డతోనే తుడుచుకున్నాడు. "నలభై ఏడు కిలోల మనిషికి మూడొందల కిలోలవి బిగించానా" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. నీ తప్పు కాదని చెప్పాను. వినలేదు.

ఇంకో రకం ఉందట. పక్కన చిన్న మర ఉంటుంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఒకటి మెత్తన, తొమ్మిది గట్టి. ఏ అంకె మీద పెట్టాలని అడిగాను. "అది కూర్చుని తోలేవాడికి తెలియదమ్మా. వెనక పడుకున్న మనిషే చెప్పాలి" అన్నాడు. అయితే నేను పడుకుంటానన్నాను.

ఈలోపు వెనక కమాను కట్టల్లోంచి ఒక్కో పట్టీ తీసెయ్యమన్నాడు. బండి అర అంగుళం దిగుతుంది, పర్వాలేదట. కట్ట కొంచెం మెత్తబడుతుంది.

పలక మీద దిద్దించింది నేనే. ఆ మాట ఇవాళ్టితో రద్దు. మునుగుతున్నప్పుడే రాయి.

అక్క


కుట్టు గది,
జూలై 14

తమ్ముడూ,

మేస్త్రి షెడ్డులో మీ బండి లాంటిదే ఒకటి రిపేరుకొచ్చి ఉంది. అదీ లేపిందే. సొంతదారుణ్ణి అడిగి, కొత్త షాకబ్జర్లు దానికి బిగించాడు. వెనక చెక్క వేశాడు. పాత రాళ్ళ క్వారీకి పోయే దారిలో ఐదుసార్లు తిప్పాడు. నేను పడుకున్నాను.

మొదలుపెట్టేముందు "దేవుణ్ణి తలుచుకోండమ్మా" అన్నాడు. "నా పని నేను చేసుకుంటాను, నువ్వు రోడ్డు చూడు" అన్నాను.

ఏడు. పళ్ళు కొట్టుకున్నాయి. నీకు మొదట పంపినవి ఇంచుమించు ఇంతేనట. ఏడు దగ్గర ప్రార్థన మర్చిపోయాను. ఆమె దిగి నడిచొస్తానన్న మాటే గుర్తొచ్చింది.

ఐదు మీద గులకరాళ్ళు తెలుస్తాయి. ఒకటి మీద రాళ్ళు అసలు తెలియవు, కానీ గొయ్యి దాటాక బండి మూడుసార్లు ఊగుతుంది, కడుపులో తిప్పుతుంది. మూడు బాగానే ఉంది. రెండు ఇంకా బాగుంది. గొయ్యి దాటాక ఒకటిన్నర ఊపుతో ఆగుతుంది. రెండు మీద పెట్టి పంపుతున్నాను. మర కదలకుండా దారం చుట్టాను.

ఇంకొకటి తెలిసింది. వెనక ఇరుసు మీదికి నడుం వస్తే ఏ అంకె అయినా ఒకటే. చెక్కను ముందుకు జరుపు. నీ పక్క సీటు ఊడదీసెయ్యి. తల నీ వైపు ఉండాలి. మోకాళ్ళ కింద దిండు.

మేస్త్రి డ్రైవింగు గురించి కూడా చెప్పమన్నాడు. గొయ్యి ముందు బ్రేకు నొక్కి, గోతిలోకి దిగేటప్పుడు వదిలెయ్యాలట. నొక్కి ఉంచితే ముక్కు కిందికి వంగి దెబ్బ రెట్టింపవుతుంది.

షాకబ్జర్లు ఆదివారం లారీలో వస్తాయి.

అక్క


ఆనకట్ట క్వార్టర్స్,
జూలై 22

వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాసేది. పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కూడా పడుకున్నాయి, ఏమీ అనుకోకండి.

నిన్న మీ రెండో నంబరు మీద కొండ దిగాం. వదినగారూ, రాళ్ళు రాళ్ళలా లేవు. మధ్యలో ఒకచోట మా ఇద్దరికీ నవ్వొచ్చింది కూడా. ఎందుకో చెబుతాను. గొయ్యి వస్తుంటే నాకంటే ముందు మీ తమ్ముడే "అమ్మా" అంటున్నారు. నొప్పి నాకు, కేక ఆయనకి. చివరికి "మీరు పడుకోండి, నేను తోలతాను" అన్నాను.

మీరు ఆ క్వారీ దారిలో నాకోసం పడుకున్నారని ఈయన చదివి వినిపించారు. ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదివించుకున్నాను.

గోడకి అద్దం మళ్ళీ పెట్టించాను. వీలైనప్పుడు రండి.

*

అక్కయ్యా, అదే కవరులో నాదీ ఒక ముక్క.

చెక్క జరిపాను, సీటు ఊడదీశాను, బ్రేకు సంగతి నేర్చుకుంటున్నాను. వెళ్ళేటప్పుడు రెండుసార్లు కేక వేసింది, వచ్చేటప్పుడు నాలుగుసార్లు. అంతకుముందు లెక్కపెట్టలేదు, లెక్కపెట్టేలా ఉండేది కాదు.

ఆస్పత్రిలో బరువు చూశారు. నలభై మూడు. అంకె మార్చాలేమో మేస్త్రిని అడుగు.

లారీ డ్రైవరు ఇంకో మాట చెప్పాడు. మీ అక్కగారు నడుం పట్టేసి వారం రోజుల నుంచి మంచం మీద ఉన్నారు, పార్శిలు కూడా మేస్త్రే తెచ్చి ఎక్కించాడు అని. మాట రద్దన్నావు కదా? రద్దు నాకొక్కడికేనా?

తమ్ముడు


కుట్టు గది,
జూలై 28

తమ్ముడూ,

నిజమే. పట్టేసింది. గట్టెక్కాక రాద్దామనుకున్నాను. అలవాటు మనిషి కంటే మొండిది.

ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాను. ఇంకో వారానికి లారీ ఎక్కగలనని అనుకుంటున్నాను.

మేస్త్రి రోజూ సాయంత్రం గుమ్మం దాకా వచ్చి, "బరువెంతట?" అని అడిగి వెళ్తున్నాడు. లోపలికి రాడు. నలభై మూడని చెప్పాను. తల వంచుకున్నాడు. దారం విప్పి మరను అర అంకె కిందికి తిప్పమన్నాడు. ఒకటికి మాత్రం వెళ్ళొద్దట.

"కిలోలు పెరిగితే అంకె పెంచడం నాకు తెలుసమ్మా. తగ్గుతుంటే ఎంత దాకా తగ్గించాలో నాకెవరూ నేర్పలేదు" అన్నాడు.

నాకూ నేర్పలేదు. ప్రార్థనకి కూర్చుంటే ఏమని అడగాలో తెలియడం లేదు. తగ్గించమంటే ఏది తగ్గించమని? ఆమె పేరు మాత్రం చెబుతున్నాను. చెప్పి ఊరుకుంటున్నాను.

మరదలికి చెప్పు, పడుకున్న అక్షరాలు దాచుకున్నానని.

అక్క


ఆనకట్ట క్వార్టర్స్,
ఆగస్టు 8

అక్కయ్యా,

నిన్న వెళ్ళొచ్చాం.

వాగు నిండుగా ఉంది. నీళ్ళు తలుపు అంచు తాకాయి, లోపలికి రాలేదు. అవతలి గట్టు ఎక్కేటప్పుడు బండి పక్కకు ఒరిగి, మెల్లగా సర్దుకుంది. ఆమెకు తెలియనైనా తెలియలేదు. ఒక్క కేక లేదు. గోతులన్నిటికీ బ్రేకు సరిగ్గా వదిలాను. నేనూ "అమ్మా" అనలేదు. ఎవరో చూసి శభాష్ అంటే బాగుండునని కూడా అనిపించింది.

డాక్టరు సూది వెయ్యలేదు. నన్ను వరండాలోకి పిలిచి, ఇక తీసుకురావద్దన్నాడు. సూదివల్ల ఉపయోగం లేదట. నొప్పికి బిళ్ళలిచ్చాడు, ఇంట్లో ఉంచుకోండి అన్నాడు. ఎన్నాళ్ళని అడిగాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

బండి దగ్గరికొచ్చి ఆమెకేం చెప్పాలా అని నిలబడ్డాను. ఆమే అడిగింది, "ఇంకా రావాలా?" అని. వద్దన్నాడన్నాను. "హమ్మయ్య" అంది.

తిరిగొచ్చేటప్పుడు నిద్రపోయింది అక్కయ్యా. కొండ మొదలు నుంచి క్వార్టర్స్ గుమ్మం దాకా. ఆ దారిలో ఆమె నిద్రపోవడం ఇదే మొదలు. మధ్యలో రెండుసార్లు భయమేసి బండి ఆపి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇంటికొచ్చాక కూడా దింపలేదు. గంటసేపు అలాగే ఉంచి, పక్కన నిలబడ్డాను.

మేస్త్రికి చెప్పు. షాకబ్జర్లు కుదిరాయి. ఇంతకంటే బాగా కుదరవు.

ఇక ఎక్కడికీ వెళ్ళే పని లేదు.

బరువు ముప్ఫై తొమ్మిది.

తమ్ముడు


కుట్టు గది,
ఆగస్టు 12

తమ్ముడూ,

మేస్త్రికి చెప్పాను. పని ఆపేసి షెడ్డు షట్టరు దించాడు. నాతోపాటు ఇంటిదాకా నడిచొచ్చాడు. గుమ్మం దగ్గర, "కుదిరాయన్నాడా?" అని అడిగాడు. అన్నాడని చెప్పాను.

ఆదివారం లారీలో వస్తున్నాను. నడుం సంగతి అడగకు. మిషనుకి గుడ్డ కప్పాను, తాళం ఎదురింట్లో ఇచ్చాను. లారీ వాగు ఇవతలే ఆగుతుంది కదా, అవతలి నుంచి నువ్వు రా. ఆమె దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి రా.

సీటు మళ్ళీ బిగించకు. నేను వెనక చెక్క మీదే వస్తాను, తల నీ వైపు పెట్టుకుని. పరుపు తేకు, అది ఆమె కింద ఉండనీ. నా బరువు యాభై ఎనిమిది, దానికి మూడు సరిపోతుందని మేస్త్రి అన్నాడు. నువ్వు మాత్రం మర ముట్టుకోకు. ఆమె అంకె మీదే ఉంచు. ఆమె వెళ్ళొచ్చిన దారి నాకూ తెలియాలి.

నన్ను మళ్ళీ ఎప్పుడు వెనక్కి తీసుకురావాలని లారీ డ్రైవరు అడిగాడు. కబురు పెడతానన్నాను.

అక్క